పూతకాలంలో పెళ్లితోట: తెల్లపూల ఫోటోకు వెలుతురు లెక్క

ఇంగ్లండ్ పల్లెసీమల్లో ఒకప్పుడు భూస్వామ్య కుటుంబాలు నివసించిన పెద్ద భవనాలు, వాటి చుట్టూ తరతరాలుగా పెంచుకుంటూ వచ్చిన తోటలు నేడు పెళ్లి వేదికలుగా అద్దెకు దొరుకుతున్నాయి. ఫిబ్రవరి చివరి నుంచి మే నెలాఖరు వరకు ఆ తోటల్లో ప్లమ్, మాగ్నోలియా, చెర్రీ, ఆపిల్ చెట్లు ఒకదాని వెనుక ఒకటి పూతకు వస్తాయి. ఆ పూతను ఫోటో తీయడం పైకి తేలికగా కనిపించినా, చెట్టు స్వభావాన్ని, వాతావరణాన్ని, వెలుతురు తీరును కలిపి ఆలోచించగలిగినవారికే అది సరిగా కుదురుతుంది. పైగా పెళ్లి వేదిక నిర్వాహకులు ఆ ఫోటోను ఏడాది పొడవునా ప్రచారంలో వాడతారు కనుక, నెలల ముందే వేదికను కుదుర్చుకునే జంటకు అది ఒక హామీలా కనిపిస్తుంది. కొద్ది రోజులే నిలిచే దృశ్యానికి అంత బరువు ఉన్నందువల్ల, ఈ ఫోటోగ్రఫీలో నేర్పుతో పాటు నిజాయితీకీ సమానమైన చోటుంది.

భవనాలు పెళ్లి వేదికలైన తీరు

ఈ మార్పు వెనుక ఉన్నవి ప్రధానంగా చట్టాలే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1836 నాటి వివాహ చట్టం మతప్రమేయం లేని పెళ్లికి అవకాశం కల్పించింది గాని, ఆ పెళ్లి రిజిస్ట్రార్ కార్యాలయంలోనే జరగాలన్న కట్టుబాటు శతాబ్దిన్నరకు పైగా కొనసాగింది. 1994 నాటి వివాహ చట్టం దానిని సడలించి, స్థానిక సంస్థల అనుమతి పొందిన ఇతర భవనాల్లోనూ పెళ్లి జరుపుకోవచ్చని నిర్దేశించగా, 1995 నుంచి అది అమలులోకి వచ్చింది. వారసత్వ పన్నుల భారాన్ని, పాత కట్టడాల మరమ్మతుల ఖర్చును మోయలేక ఇబ్బంది పడుతున్న భవన యజమానులకు ఇది కొత్త ఆదాయ మార్గమైంది. అయినప్పటికీ పెళ్లితంతు భవనం లోపలో, స్థిరమైన కప్పు ఉన్న కట్టడం కిందనో జరగవలసి ఉండేది. కోవిడ్ కాలంలో, 2021 జులై నుంచి, అనుమతి ఉన్న వేదికల ఆవరణలో ఆరుబయట కూడా పెళ్లి జరపడానికి తాత్కాలికంగా వీలు కల్పించి, 2022లో ఆ వెసులుబాటును శాశ్వతం చేశారు. అంతవరకు పెళ్లి అయ్యాక ఫోటోలు దిగే చోటుగా ఉన్న తోట, ఆ తరువాత పెళ్లి జరిగే చోటే అయింది.

తోటకూ కెమెరాకూ పాత బంధం

నిజానికి ఫోటోగ్రఫీ పుట్టుకలోనే ఇంగ్లండ్ పల్లె భవనాలకు భాగం ఉంది. విల్ట్‌షైర్‌లోని లేకాక్ ఆబీ యజమాని విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835లో తన ఇంటి కిటికీని చిన్న కాగితపు నెగెటివ్‌పై చిత్రించాడు; కెమెరాతో తీసి నేటికీ మిగిలి ఉన్న నెగెటివ్‌లలో అదే అతి పాతది. వృక్షశాస్త్రంలోనూ ఆసక్తి ఉన్న టాల్బట్, వెండి లవణాలు పూసిన కాగితంపై ఆకులను, పూరెమ్మలను పరచి ఎండకు పెట్టి, కెమెరా లేకుండానే వాటి ఆకారాలు కాగితంపై పడేలా చేశాడు. ఆ కాలపు రసాయనాలు నీలి వెలుతురుకు త్వరగా స్పందించేవి గాని, ఆకుపచ్చకు, ఎరుపుకు అంతగా స్పందించేవి కావు. అందువల్ల ఆకులు నల్లగా, ఆకాశం తెల్లగా పడి, ఆకాశం ముందున్న తెల్లపూలు అందులోనే కలిసిపోయేవి.

తోటల రూపకల్పనలో పేరుగాంచిన గెర్‌ట్రూడ్ జీకిల్ 1885లో స్వయంగా ఫోటోగ్రఫీ చేపట్టి తన పనిని నమోదు చేసుకుంది. 1897లో మొదలైన ‘కంట్రీ లైఫ్’ పత్రిక పల్లె భవనాల, తోటల ఫోటోలను చదువరుల ఇళ్లకు చేర్చింది. ల్యూమియేర్ సోదరులు రంగులద్దిన బంగాళాదుంప పిండి రేణువులతో తయారు చేసిన ఆటోక్రోమ్ గాజుపలకలు 1907లో అమ్మకానికి వచ్చాక, పూల అసలు రంగును పట్టుకోవడం అభిరుచి కొద్దీ ఫోటోలు తీసేవారికి కూడా సాధ్యమైంది. రంగు చిక్కు అలా తీరింది గాని, తెల్లని ఆకాశం ముందు తెల్లపూలు కలిసిపోయే చిక్కు మాత్రం డిజిటల్ కెమెరాల కాలంలోనూ వేరే కారణాల వల్ల మిగిలే ఉంది.

ఏ చెట్టు ఎప్పుడు

ఇంగ్లండ్ తోటల్లో ముందుగా కళ్లు తెరిచేది చెర్రీ ప్లమ్. ఫిబ్రవరి చివర, మార్చి తొలినాళ్లలో దాని చిన్న పూలు కనిపిస్తాయి. దాని వెంట పొలాల ముళ్లకంచెల్లో పెరిగే బ్లాక్‌థార్న్, భవనాల ముంగిళ్లలో పెంచే మాగ్నోలియా పూస్తాయి. ఏప్రిల్ మొత్తం రకరకాల చెర్రీలది. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఆపిల్ పూత గులాబీ మొగ్గలతో, తెల్లని పూలతో వస్తుంది. మే నెలలో కంచెల నిండా హాథార్న్, గోడల మీద ఊదారంగు గుత్తులతో విస్టీరియా పూసి ఆ వరుసను ముగిస్తాయి. వీటిలో చాలా చెట్లు ఆకులు పూర్తిగా విచ్చకముందే పూస్తాయి కనుక కొమ్మ అంతా పూలతోనే నిండినట్లు కనిపిస్తుంది.

ఈ క్రమం ఏటా ఒకటే అయినా, తేదీలు మాత్రం మారుతూ ఉంటాయి. చెర్రీ, ఆపిల్ మొగ్గలు ముందటి వేసవిలోనే రూపుదిద్దుకొని చలికాలంలో నిద్రావస్థలోకి వెళతాయి. తగినన్ని గంటల చలి తగిలితేనే ఆ నిద్ర వీడుతుంది. ఆ తరువాత రోజురోజుకూ పోగయ్యే వెచ్చదనమే అవి విచ్చుకునే వేళను నిర్ణయిస్తుంది. అందువల్ల వెచ్చని మార్చి పూతను ముందుకు లాగితే, చల్లని మార్చి వెనక్కి నెడుతుంది. విచ్చిన తరువాత ఒక్క రాత్రి మంచు గడ్డకట్టినా మాగ్నోలియా రేకులు తెల్లవారేసరికి గోధుమరంగుకు తిరుగుతాయి, ఒక్క గాలివాన వచ్చినా చెర్రీ రేకులు నేల రాలిపోతాయి.

ఇటువంటి తేదీలను ఏటేటా నమోదు చేసి అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఫినాలజీ అంటారు. నార్‌ఫోక్‌కు చెందిన రాబర్ట్ మార్షమ్ 1736లో తన ఎస్టేట్‌లో వసంత సూచనలను రాసుకోవడం మొదలుపెట్టగా, అతని వంశస్థులు ఆ పనిని 1958 వరకు కొనసాగించారు. బ్రిటన్‌లో 1753 నుంచి పోగుపడిన నాలుగు లక్షలకు పైగా పరిశీలనలను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వంలోని బృందం విశ్లేషించి, 1987 తరువాతి కాలంలో మొక్కల తొలి పూత, అంతకు ముందటి కాలంతో పోల్చితే, సగటున దాదాపు ఒక నెల ముందుకు జరిగిందని 2022లో ప్రకటించింది. పెళ్లి తేదీని ఏడాది ముందు నిర్ణయించుకునేవారికి, ఫలానా వారంలో పూత తప్పక ఉంటుందని ఏ తోటమాలీ చెప్పలేకపోవడానికి కారణం ఏటా ఇలా మారే తేదీలే.

ఆనిక్ తోటలోని తైహాకు చెట్లు

పూత ఫోటోగ్రఫీలోని సమస్యలన్నీ ఒకేచోట ఎదురయ్యే తోటకు ఇంగ్లండ్ ఉత్తర కొసన నార్తంబర్‌ల్యాండ్‌లోని ఆనిక్ గార్డెన్ మంచి ఉదాహరణ. హ్యారీ పాటర్ తొలి రెండు సినిమాల్లో హాగ్వార్ట్స్ బడిగా కనిపించిన ఆనిక్ కోటకు దగ్గరలోనే ఉన్న ఈ తోటలో పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. ఇక్కడి చెర్రీ తోపులో తైహాకు అనే ఒకే రకానికి చెందిన చెట్లు 300కు పైగా ఉన్నాయి. తైహాకు పూలు ఒంటి వరుస రేకులతో, తక్కిన చెర్రీ పూల కంటే పెద్దవిగా, తెల్లగా ఉంటాయి. పూలతో పాటు చిగురించే లేత ఆకులు రాగిరంగులో ఉంటాయి. చలి ఎక్కువైన ఉత్తర ప్రాంతం కావడంతో ఇక్కడి పూత సాధారణంగా ఏప్రిల్ చివర, మే తొలి రోజుల్లో నిండుగా ఉంటుంది.

ఈ రకానికి ఆసక్తికరమైన చరిత్ర ఉంది. జపాన్‌లో కనుమరుగైపోయిన ఈ చెర్రీ రకానికి చెందిన చెట్టు ఒకటి చావుకు దగ్గరైన స్థితిలో ససెక్స్‌లోని ఒక తోటలో 1923లో కాలింగ్‌వుడ్ ఇంగ్రమ్ కంటపడింది. కెంట్‌లో నివసిస్తూ చెర్రీ రకాలను సేకరించిన ఇంగ్రమ్ దాని కొమ్మలను తెచ్చి అంటుకట్టి బతికించుకున్నాడు. 1926లో జపాన్ వెళ్లినప్పుడు అక్కడి చెర్రీ నిపుణుడొకరు, తమ దేశంలో దొరకకుండా పోయిన ఒక చెర్రీ పాత వర్ణచిత్రాన్ని చూపగా, అది తన దగ్గర పెరుగుతున్న చెట్టేనని అతడు గుర్తించాడు. అంటు కొమ్మలు సముద్రయానంలో ఎండిపోతుండటంతో, చివరకు వాటి మొదళ్లను బంగాళాదుంపల్లో గుచ్చి, ట్రాన్స్-సైబీరియన్ రైలు మార్గంలో పంపి, 1932లో ఆ రకాన్ని పుట్టిన దేశానికి తిరిగి చేర్చాడు. నేడు ప్రపంచంలో ఉన్న తైహాకు చెట్లన్నీ ఆ ఒక్క ససెక్స్ చెట్టు అంట్ల సంతతే.

ఈ చరిత్ర ఫోటోగ్రాఫర్‌కు కూడా పనికివచ్చే సంగతే. విత్తనంతో మొలిచిన చెట్లు ఒక్కొక్కటి ఒక్కో రోజున పూస్తాయి గాని, అంటుకట్టిన చెట్లు జన్యుపరంగా ఒక్కటే కనుక, ఒకే నేలలో, ఒకే వాతావరణంలో ఉన్నప్పుడు ఇంచుమించు ఒకేసారి పూసి ఒకేసారి రాలుస్తాయి. తోపంతా ఏకమొత్తంగా తెల్లబడే అద్భుత దృశ్యానికి, ఆ దృశ్యం త్వరగా ముగిసిపోవడానికి కూడా కారణం అదే. పలు రకాల చెట్లున్న తోటలో ఈ వారం ఒక మూల, పై వారం మరో మూల ఫోటోకు అనువుగా ఉంటే, ఇటువంటి తోపులో ఉన్న కొద్ది రోజుల్లోనే పని ముగించుకోవాలి.

తెలుపును తెలుపుగా చూపడం

తైహాకు వంటి తెల్లని రేకులలో కంటికి కనిపించే రంగు పదార్థం ఉండదు. రేకులోని కణాల మధ్య ఉన్న గాలి ఖాళీల వద్ద వెలుతురు అన్ని దిక్కులకూ చెదిరిపోవడం వల్లనే అది తెల్లగా కనిపిస్తుంది. తెలుపు ఇలా వెలుతురు చెదరడం వల్లనే పుడుతుంది కనుక, పడే వెలుతురు మారిన ప్రతిసారీ పూల రూపమూ మారిపోతుంది.

కెమెరాలోని వెలుతురు కొలిచే సాధనం, తన ముందున్న దృశ్యం సగటున మధ్యస్థపు బూడిదరంగులో ఉంటుందన్న లెక్క మీద పనిచేస్తుంది. ఫ్రేము నిండా తెల్లపూలే ఉన్నప్పుడు ఆ లెక్క తప్పి, కెమెరా వెలుతురును తగ్గించడంతో పూలు మసకబారి బూడిదగా పడతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే సెన్సర్‌పై పడే వెలుతురు మొత్తాన్ని, ఒక స్టాప్ వరకు పెంచాలి. స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడానికో సగం కావడానికో పెట్టుకున్న కొలమానం. దీనికి భిన్నంగా, ముదురు పచ్చని యూ చెట్ల కంచె ముందు ఒక్క పూలకొమ్మే ఉన్నప్పుడు కెమెరా ఆ చీకటిని చూసి వెలుతురును పెంచేస్తుంది కనుక, పూల రేకుల్లోని ఈనెలు, మడతలు పూర్తిగా మాయమవుతాయి. అక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించాలి. చీకటి నుంచి వెలుగు వరకు ఏ స్థాయి ఎంత ఉందో చూపే హిస్టోగ్రామ్ అనే రేఖాచిత్రంలో కొండలా లేచే ఆకారం కుడి అంచుకు ఆనుకోకుండా చూసుకోవడం, సెన్సర్ గ్రహించిన సమాచారాన్ని దాదాపు యథాతథంగా దాచే రా ఫైలుగా ఫోటోను భద్రపరచుకోవడం ఈ రెండు తప్పులకూ మందు.

ఇంగ్లండ్ వసంతంలో తరచుగా ఉండే మబ్బు పట్టిన ఆకాశం పూలకు మేలే చేస్తుంది. మబ్బు వెలుతురును నలుదిక్కులా పంచడంతో నీడలు మెత్తబడి రేకుల సున్నితత్వం కనిపిస్తుంది. అయితే అటువంటి రోజున ఆకాశం పూల కంటే ప్రకాశంగా ఉంటుంది కాబట్టి, దానిని ఫ్రేములోకి రానివ్వకుండా గోడ, కంచె, చెట్ల మొదళ్లు వెనుక వచ్చేలా నిలబడాలి. నీలాకాశం ఉన్న రోజున మాత్రం చెట్టు కిందికి వెళ్లి పైకి చూసి తీయవచ్చు. ఆకాశం నుంచి వచ్చే వెలుతురులో ఒక దిశలో కంపించే భాగాన్ని తగ్గించే పోలరైజర్ అనే ఫిల్టర్, నీలాన్ని గాఢంగా చేసి తెల్లపూలను విడదీసి చూపుతుంది.

ఎదురువెలుతురు, అంటే సూర్యుడు చెట్టు వెనుక ఉండటం, పలుచని రేకులకు ఎంతో అనుకూలం. వెలుతురు రేకు గుండా వచ్చి దాని అంచులను, ఈనెలను స్పష్టపరుస్తుంది. ఈ విషయంలో ఉత్తర దేశాలకు ఒక సౌలభ్యం ఉంది. ఏప్రిల్ చివర హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి చేరితే, ఆనిక్‌లో అదే రోజున క్షితిజానికి సుమారు 48 డిగ్రీల ఎత్తు వరకే లేస్తాడు. ఉదయం 6 గంటలకు ముందే తెల్లవారి, రాత్రి 8 గంటలు దాటాక గాని పొద్దు కుంకకపోవడంతో, వాలు వెలుతురులో పని చేసుకునే సమయం కూడా ఎక్కువగా దొరుకుతుంది.

రంగు, గాలి, దూరం

గులాబీ రంగు పూలకు చిక్కు వేరు. కాంజాన్ అనే ముద్ద చెర్రీ వంటి పూలలో ఎరుపు ఎక్కువ కనుక, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు భాగాలలో ఎరుపు ముందుగా నిండిపోయి, మొత్తం ఎక్స్‌పోజర్ సరిగానే ఉన్నట్లు కనిపిస్తున్నా రేకుల మధ్య తేడాలు చెరిగిపోతాయి. అందుకే మూడు రంగుల హిస్టోగ్రామ్‌లను విడివిడిగా చూడాలి. నీడపట్టున ఉన్న తెల్లపూలపై నీలాకాశపు వెలుతురే పడుతుంది కనుక అవి నీలిఛాయతో వస్తాయి. వైట్ బ్యాలెన్స్ అనే అమరికను నీడకు తగినట్లు మార్చితే తెలుపు తిరిగి వస్తుంది.

ఏ మాత్రం గాలి వీచినా కొమ్మ కొసలు కదులుతూనే ఉంటాయి. దగ్గరి నుంచి తీసేటప్పుడు షట్టర్ తెరచి ఉండే సమయం సెకనులో 500వ వంతుకు మించకపోతే ఆ కదలిక ఫోటోను చెరపదు. లెన్స్‌లోని రంధ్రాన్ని అపర్చర్ అంటారు, ఎఫ్ 2.8 వంటి చిన్న సంఖ్య వద్ద రంధ్రం పెద్దదై ఒక్క పూగుత్తి మాత్రమే స్పష్టంగా ఉండి తక్కినదంతా మసకబారుతుంది, ఎఫ్ 11 వద్ద కొమ్మ నుంచి భవనం వరకు చాలా భాగం స్పష్టంగా వస్తుంది. వేదిక ఏదో తెలియవలసిన ఫోటోలో రెండవ పద్ధతి, పువ్వే విషయమైన ఫోటోలో మొదటిది తగినవి. వరుసగా నాటిన చెట్లను 135 మిల్లీమీటర్ల వంటి దూరపు లెన్స్‌తో వెనక్కి జరిగి తీస్తే, చెట్ల మధ్య ఎడం తగ్గినట్లు కనిపించి పూత మరింత దట్టంగా తోస్తుంది. ఇదే లెన్స్ పలుచని పూతను కూడా నిండు పూతగా చూపగలదు కనుక, ప్రచార చిత్రాల్లో దీనిని విచక్షణతో వాడాలి.

పూత కింద మనుషులు

తోటలో పెళ్లి ఫోటో తీసేటప్పుడు తెల్లపూలకు తోడు తెల్లని దుస్తులు, మనుషుల మేనిఛాయలు వచ్చి చేరతాయి. పచ్చిక మీద ఎండ పడి ఎగసే ఆకుపచ్చ వెలుతురు గడ్డం కిందా, దుస్తుల అంచులపైనా చేరుతుంది. పచ్చిక బదులు రాళ్లు పరచిన బాటపై నిలబెట్టడం, లేదా తెల్లని రిఫ్లెక్టర్‌తో కింది నుంచి వెలుతురు అందించడం దీనికి విరుగుడు. చెట్టు నీడలో ఆకుల సందుల గుండా పడే ఎండచుక్కలు ముఖాలపై మచ్చలుగా కనిపిస్తాయి కాబట్టి, నీడ అంచున, ఆకాశపు వెలుతురు ముఖంపై పడేలా నిలపడం మేలు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెళ్లిళ్లలో ఈ లెక్కలు మరింత సూక్ష్మమవుతాయి. వైశాఖం సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది కనుక ఆ మాసపు ముహూర్తాలు చెర్రీ, ఆపిల్ పూతతో కలిసే అవకాశం ఉంది. ఎర్రంచు తెల్ల మధుపర్కాలు కట్టిన వధూవరులను తెల్లని పూత ముందు నిలిపినప్పుడు, కెమెరాను దానంతట దానికి వదిలేస్తే తెలుపులన్నిటినీ లెక్కలోకి తీసుకొని చామనఛాయ ముఖాలను నల్లబరుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ముఖాలకు తగినట్లు అమర్చి, వస్త్రంలోని నేత, పూలలోని మడతలు పోకుండా రా ఫైలులో సవరించుకోవడం సరైన మార్గం. ముహూర్తాన్ని వెలుతురు కోసం మార్చలేరు కనుక, తంతు ఏ వైపు ముఖంగా జరుగుతుందో, ఆ వేళకు సూర్యుడు ఎక్కడ ఉంటాడో ముందురోజే అదే సమయానికి వెళ్లి చూసుకోవడం అవసరం.

తెలుగు నేలపై తోటల్లో జరిగే పెళ్లిళ్లకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చిన కొమ్మలపై పూసే మోదుగ కాషాయపు ఎరుపులో, కాంజాన్ విషయంలో చెప్పిన రంగు నిండిపోయే చిక్కే ఇంకా తీవ్రంగా ఎదురవుతుంది. అయితే నడినెత్తి ఎండలో పని జరగదు కనుక, ఇక్కడ ఉదయం, సాయంత్రపు వేళలే శరణ్యం.

చెట్టు పట్ల, చూసేవారి పట్ల బాధ్యత

రేకులు రాలే దృశ్యం కోసం కొమ్మలను ఊపడం, మంచి కోణం కోసం చెట్టు మొదట్లో గుంపులుగా నిలబడి నేలను గట్టిపరచడం తోటమాలులు ఇష్టపడని పనులు. చెర్రీ వేళ్లు నేలకు దగ్గరగా పాకుతాయి కనుక నేల గట్టిపడితే చెట్టు దెబ్బతింటుంది. ఆపిల్ పూతలో తేనెటీగల పని సాగుతున్నప్పుడు కొమ్మను కదిలించకపోవడం పంట దృష్ట్యా కూడా అవసరమే. భవనాలు సొంత ఆస్తులు కావడంతో వ్యాపార ప్రయోజనానికి తీసే ఫోటోలకు యజమానుల అనుమతి, అందులో కనిపించే పెళ్లివారి సమ్మతి ముందుగా తీసుకోవాలి.

ఇంతకన్నా పెద్ద బాధ్యత ఫోటోను వాడే తీరులో ఉంది. నిండు పూత ఫోటోను ఏ తేదీ లేకుండా ప్రచురిస్తే, జూన్‌లోనో సెప్టెంబరులోనో పెళ్లి పెట్టుకున్న జంట కూడా ఆ తెల్లని తోపునే ఊహించుకుంటుంది. ఫోటో కింద తీసిన తేదీని వేయడం, అదే చోటును పూతకు ముందు, పూతలో, ఆకులతో, చలికాలపు బోడి కొమ్మలతో నాలుగు కాలాల్లో చూపడం వేదిక నిర్వాహకులకు ఖర్చులేని పని, జంటకు మాత్రం ఎంతో ఉపయోగకరమైన సమాచారం. పూత వేళే పెళ్లి కావాలనుకునే జంట కూడా ఆ తేదీలను ఏడాదికేడాది సరిపోల్చి, ఒకే రకం చెట్లున్న తోట కంటే ముందువెనుకలుగా పూసే పలు రకాల చెట్లున్న తోటను ఎంచుకుంటే నిరాశకు అవకాశం తగ్గుతుంది. అలా ఏటా ఒకే చెట్టును ఒకే చోటి నుంచి తేదీతో సహా తీసి దాచిన ఫోటోలు కొన్నేళ్లకు, మార్షమ్ వంశస్థులు చేతిరాతతో కూడబెట్టిన పట్టికల వలె, మారుతున్న వసంతానికి శాస్త్రవేత్తలు వాడుకోగల సాక్ష్యాలవుతాయి.